పొరుగింటి పలుకు: ఓరుగల్లు సీమలో బాప్తిస్టు సంఘాలు

జనగామ జిల్లాలోని పాలకుర్తి పేరు వినగానే సాహిత్య విద్యార్థికి పాల్కురికి సోమనాథుడు స్ఫురిస్తాడు. కాకతీయుల నాటి ఆ శివకవి తన విశ్వాసాన్ని నలుగురికీ పంచదలచినప్పుడు ముందుగా ఆలోచించినది భాషను గురించి. పండితులు మెచ్చే గద్యపద్యాల బాటను విడిచి, పామరునికి సైతం చెవికెక్కే ద్విపదను, జాను తెనుగును ఆయన చేపట్టాడు. బసవపురాణంలో మాదర చెన్నయ్య అంబలిని శివుడు ఆరగించినట్లు కథ కలదు. ఎవరి భాషలో చెప్పుతున్నామో వారినే కథలోనికి తీసుకొని రావలెనన్నది సోమనాథుని మార్గం.

అటుపై ఆరు శతాబ్దాలకు మించిన కాలం గడిచినాక అదే నేలకు మరొక విశ్వాసం వచ్చింది. 1879లో హనుమకొండలోను, 1901లో జనగామలోను అమెరికన్ బాప్తిస్టు మిషను కేంద్రాలు వెలసినవి. రష్యా దేశం నుండి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు కొందరు జనగామ, నల్లగొండ, సూర్యాపేట ప్రాంతాలలో బాప్తిస్టుల పక్షాన పనిచేశారు. 2016లో పాత వరంగల్లు జిల్లా చీలి జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు వేరు పడినవి. ఈ సీమలోని బాప్తిస్టు సంఘాలు ఇరుగుపొరుగు వారితో తమ విశ్వాసాన్ని ఏ విధంగా పంచుకొన్నవి? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే సోమనాథుని మార్గమే మరల మరల ఎదురవుతుంది.

తెలుగుతో బాప్తిస్టుల పరిచయం హనుమకొండ కంటె చాలా పాతది. శ్రీరాంపురంలో ఉండిన ఆంగ్ల బాప్తిస్టు విలియం కేరీ 1814లో తెలుగు వ్యాకరణం ఒకటి ప్రకటించాడు. ఆ పుస్తకం పేరులో మన భాషను ఆయన 'తెలింగాన భాష' అన్నాడు. 1818లో తెలుగు కొత్త నిబంధన అక్కడి ముద్రాశాల నుండి వెలువడింది. అయితే వ్యాకరణం వ్రాయడం వేరు, వాడలో మాట చెల్లడం వేరు. 1836లో తెలుగుదేశానికి వచ్చి, 1840లో నెల్లూరిలో స్థిరపడిన శామ్యూల్ డే మొదలుకొని అమెరికన్ బాప్తిస్టులు పాతికేండ్లకు పైగా శ్రమించినా, చేరినవారు వేళ్ళపై లెక్కింపదగినంత మందియే. మిషనును మూసివేయవలెనన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండు మార్లు తలయెత్తింది.

ఆ స్థితి మారినది ఒంగోలులో. తెలంగాణా సంఘాల స్వభావం తెలియవలెనన్నా ఆ కథ తెలియక తప్పదు. తాళ్ళకొండపాడు అనే పల్లెలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఉండేవాడు. తోళ్ళ వ్యాపారం అతని వృత్తి. అంతకు ముందే వీరమ్మ అనే గురువు వద్ద రాజయోగం అభ్యసించిన జిజ్ఞాసువు. వ్యాపారం మీద గోదావరి సీమ వైపు వెళ్ళినప్పుడు క్రీస్తును గురించి విని, ఇంటికి వచ్చి తనవారికి చెప్పాడు. 1866లో భార్యతో కూడ బాప్తిస్మం పొందాడు. దొర ఆ పల్లెలో అడుగు పెట్టక మునుపే మాట అక్కడికి చేరి ఉన్నది. చేర్చినది ఊరూరు తిరిగే తోళ్ళ వర్తకుడు. చుట్టరికాల వెంట, సంతల వెంట, చెప్పులు కుట్టే చోట ఆ మాట ఒకరి నుండి మరొకరికి సాగింది.

1867 జనవరి 1వ తేదీన ఒంగోలు సంఘం ఎనమండుగురు సభ్యులతో ఏర్పడింది. జాన్ క్లౌ దొరకు ఆ దినాలలోనే ఒక పరీక్ష వచ్చింది. ఆయన బడిలో బ్రాహ్మణ బాలురు చదువుకొనేవారు. మాదిగలను సంఘంలో చేర్చుకొంటే తాము రామని వారు తెలియజేశారు. ఊరిలో పెద్దల మన్నన కావలెనా, వాడలోని బీదల చేయి పట్టుకొనవలెనా? దొర ఒక గదిలోను, దొరసాని మరొక గదిలోను విడివిడిగా బైబిలు తెరువగా, లోకంలో బలహీనులనే దేవుడు ఎన్నుకొన్నాడని పౌలు కొరింథీయులకు వ్రాసిన భాగమే ఇద్దరికీ కనబడినదని ఆయన జీవితకథ చెప్పుతున్నది. వారు వాడనే ఎన్నుకొన్నారు. బడి ఖాళీ అయింది. ఈ సంఘాల చరిత్ర అంతా ఆ నిర్ణయం నుండి పుట్టింది. వాటి బలమూ అదే, వాటి కష్టమూ అదే.

కష్టమని ఎందుకనవలె నంటే, ఊరికీ వాడకూ నడుమ ఉన్న కట్టుబాట్లు అక్కడ కదిలినవి. చచ్చిన గొడ్డు మాంసం తినమనీ, ఆదివారం పని చేయమనీ, జాతరలో డప్పు కొట్టమనీ కొత్త విశ్వాసులు అన్నప్పుడు, ఊరి పెద్దలు బావులు మూసి, పనులు మాన్పించి శిక్షించిన సందర్భాలు కలవు. ఆత్మగౌరవం కోసం పడిన ఆ వెల చిన్నది కాదు. కాని దానితో పాటు డప్పు వంటి ఒక కళ కూడ కొన్నాళ్ళు దేవుని సన్నిధికి దూరమైనదన్న మాటను కూడ దాచనక్కరలేదు.

1876 నుండి 1878 వరకు సాగిన గొప్ప కరవులో క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకంలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసుకొని వేలాది బీదలకు కూలి చూపించాడు. పనికి వచ్చినవారిలో అనేకులు బాప్తిస్మం కోరారు. కూటి కోసం వచ్చినవారో, విశ్వాసం కోసం వచ్చినవారో తేలవలెనని, కరవు సాయం జరిగినన్నాళ్ళూ ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సాయం ముగిసిన తరువాత, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ ఒడ్డున ఒకే దినంలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను చెప్పుకొనేవారు దానికి ముందు జరిగిన నిరీక్షణను కూడ చెప్పుకొనడం న్యాయం.

ఆ మరుసటి సంవత్సరమే హనుమకొండ కేంద్రం ప్రారంభమైనది. నిజాం ప్రభుత్వ వ్యవహారాలు ఉర్దూలో సాగుతుండగా, తెలుగు చదువు వాడకు అందని పండుగా ఉండేది. జనగామలో మిషను నెలకొన్న 1901లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపితమైనది. ఒకటి పట్టణంలో విద్యావంతుల యత్నం, మరొకటి పల్లెలో నిరుపేదల నడుమ సాగిన యత్నం. రెండింటికీ సంబంధం లేకున్నా, తెలుగు అక్షరానికి రెండూ ఊడిగం చేసినవే. వాడలో అనేకులు పట్టుకొన్న మొదటి తెలుగు పుస్తకం సువార్తయో, కీర్తనల పుస్తకమో అయినది. జనగామలో ప్రెస్టన్ విద్యాసంస్థ పేరు నేటికీ అక్కడి మైదానానికి నిలిచి ఉన్నది.

పుస్తకం పట్టలేనివారికి పాట ఉన్నది. 1803లో పుట్టి 1890లో మరణించిన పురుషోత్తమ చౌదరి బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి, 1833లో క్రైస్తవుడై, తెలుగులో కీర్తనలు రచించాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట తలపై రాగతాళాల పేర్లు ముద్రించి ఉంటవి. కృప, భక్తి, స్తోత్రం వంటి మాటలు బమ్మెర పోతన భాగవతంలో ఉన్నవే, క్రైస్తవ కీర్తనలలో ఉన్నవే. బమ్మెర కూడ జనగామ జిల్లాలోనిదే. పొరుగింటివాడు పాట విని, మతం ఒప్పుకొనకున్నా, మాట తనదేనని గుర్తించగలడు. పంచుకొనడమంటే మొదట అదియే.

బాప్తిస్టుల మూలసిద్ధాంతం కూడ ఇచ్చట గమనింపదగినది. తెలిసి, తానుగా విశ్వసించినవానికే బాప్తిస్మం అని వారి నియమం. శిశువుకు ఇవ్వరు. 1612లో థామస్ హెల్విస్ అనే ఆంగ్ల బాప్తిస్టు, మనస్సాక్షిపై రాజుకు అధికారం లేదని, ఆ స్వేచ్ఛ అన్యమతస్థులకు కూడ చెందవలెనని వ్రాసి, చెరసాల పాలయ్యాడు. విశ్వాసాన్ని బలవంతంగా ఇవ్వరాదన్నది బయటివారు వారికి చెప్పిన నీతి కాదు, వారి పుట్టుకలోనే ఉన్న నీతి. మన రాజ్యాంగం 25వ అధికరణంలో మతాన్ని అవలంబించడానికి, ప్రచారం చేయడానికి హక్కు ఇచ్చింది. ప్రచారహక్కు అంటే మరొకనిని మతం మార్చే హక్కు కాదని 1977లో సర్వోన్నత న్యాయస్థానం వివరించింది. చెప్పే స్వేచ్ఛ ఒకనిది, వినడానికీ కాదనడానికీ స్వేచ్ఛ మరొకనిది.

చెప్పేవానికి వేరొక చిక్కు కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది విస్తరించినది గాని, క్రైస్తవులకు విస్తరించలేదు. ఈ విషయాన్ని పరిశీలించడానికి 2022లో కేంద్రప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. వాడ మారలేదు, బావి వద్ద చూపు మారలేదు, కాగితంపై పేరు మాత్రం మారితే బీదవాని బిడ్డ చదువుకు వెల పడుతుంది. అందుచేత తన విశ్వాసాన్ని నలుగురిలో చెప్పుకొనడం అతనికి వేడుక మాట కాదు.

1962లో తెలుగు బాప్తిస్టు సంఘాల సమావేశం ఏర్పడి, మిషను బాధ్యతలు దేశీయుల చేతికి వచ్చినవి. నేడు ఆ సంఘాల ఎదుట ఉన్న పొరుగు వేరు. భూపాలపల్లిలో బొగ్గుగనుల కోసం ఎన్నో ఊళ్ళ నుండి వచ్చిన కుటుంబాలు పక్కపక్కన ఉంటున్నవి. గోదావరి అడవులలో కోయలు, మహబూబాబాదు తండాలలో లంబాడీలు తమ తమ భాషలు మాట్లాడుతారు. మహబూబాబాదు జిల్లాలోని డోర్నకల్లులో ఆంగ్లికన్ బిషప్పుగా 1912 నుండి 1945 వరకు పనిచేసిన అజరయ్య తమిళుడు. ఆయన తెలుగు నేర్చియే తెలుగువారి నడుమ జీవించాడు. ఒకనాడు తన పలుకులో మాట విని తల ఎత్తిన వాడ, ఈనాడు తండాకు వెళ్ళి తెలుగులోనే మాట్లాడితే, తాను పొందిన దానిని తాను ఇవ్వలేదన్న మాట.

మిషను కాలంలో పల్లెకు వచ్చిన బోధకుడు పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించి, రాత్రి పెద్దలకు ప్రార్థన నేర్పేవాడు. రెంటికీ అతనిని 'పంతులు' అనే పిలిచేవారు. అతడు చెప్పిన మతాన్ని అందరూ తీసుకొనలేదు. అతడు నేర్పిన అక్షరాన్ని మాత్రం కాదన్నవారు లేరు. వాడ పిల్లవాని ప్రక్కన కూర్చుండి, వాని మాటలోనే పాఠం మొదలుపెట్టిన ఆ పంతులు మార్గం, ఏ మతం వానికైనా, ఏ బడిలోని గురువుకైనా, నేటికీ పనికివచ్చేదే.