జనం మధ్య ఆకలి

ఒంటరితనాన్ని మనం మనసు బలహీనత కింద జమకడతాం. అది ఆకలి, దాహం లాగా శరీరం పంపే సంకేతమని షికాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త జాన్ కాసియోపో ఏళ్ల తరబడి వాదించారు. గుంపుగా ఉండి బతికి బట్టకట్టిన జీవిని తిరిగి గుంపు వైపు నెట్టడమే దాని పని. 2020లో ఎంఐటీ శాస్త్రవేత్తలు ప్రచురించిన ప్రయోగం ఈ వాదానికి బలమిచ్చింది. 40 మందిని ఒకరోజు 10 గంటలు తిండి లేకుండా, మరోరోజు 10 గంటలు మనుషులూ ఫోనూ లేకుండా ఉంచి మెదడు స్కాన్ తీశారు. పస్తున్నాక భోజనం బొమ్మలకు స్పందించిన మధ్యమెదడు ప్రాంతమే, ఒంటరిగా గడిపాక నలుగురూ కలిసున్న బొమ్మలకూ స్పందించింది.

మరి అడుగుకో మనిషి తగిలే నగరంలో ఈ ఆకలి తీరదేం? తీరిక లేదు, అయినవాళ్లు దూరాన ఉన్నారు, నిజమే. అంతకంటే పెద్ద కారణం ఎదుటివారి మనసు గురించి మనం వేసుకునే తప్పుడు అంచనా అని నా అభిప్రాయం. నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ షికాగో రైళ్లలో చేసి 2014లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు ఆధారం. కొందరు ప్రయాణికులను పక్కవారితో మాట కలపమన్నారు, కొందరిని మౌనంగా కూర్చోమన్నారు, మిగిలినవారిని ఎప్పటిలాగే ఉండమన్నారు. అందరికంటే హాయిగా ప్రయాణించింది మాట కలిపినవారే. అవే రైళ్లెక్కే మరికొందరిని ముందుగా ఊహించి చెప్పమంటే సరిగ్గా తలకిందులుగా చెప్పారు. తోటి ప్రయాణికుల్లో సగం మందికైనా తమతో మాట్లాడే ఇష్టం ఉండదనుకున్నారు. తమకు మాట్లాడాలని ఉన్నా, ఎదుటివారికి ఉండదని ఊరుకుంటున్నారన్నమాట. ఆ మౌనం చూసి పక్కవారూ తమ అనుమానమే నిజమనుకుంటారు.

రెండు మాటలకే స్నేహం పుడుతుందా అని అడగవచ్చు. పుట్టనక్కర్లేదు. అదే ఏడాది జిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ ప్రచురించిన అధ్యయనంలో, తోటి విద్యార్థులతో మామూలుకన్నా ఎక్కువ పలకరింపులు సాగిన రోజున విద్యార్థులు మరింత సంతోషంగా ఉన్నారు. ఏకాంతాన్ని కోరి తెచ్చుకున్నవారి జోలికి ఎవరూ వెళ్లక్కర్లేదు, వారికి ఆ ఆకలే వేయడం లేదు. షికాగో వేరు, హైదరాబాదు వేరు అన్న అభ్యంతరానికే బరువెక్కువ. కొత్త మగవాడు పలకరిస్తే ఆడపిల్ల జంకుతుంది, అనుభవం నేర్పిన జాగ్రత్త అది. ఊరూ ఇంటిపేరూ అడిగి కులం కూపీ లాగే పలకరింపు అద్దె ఇల్లు వెతుక్కునేవారికి ఎంత బాధాకరమో చెప్పనక్కర్లేదు. రైలు ప్రయోగం ఈ భయాలకు జవాబు కాదు. అందుకే ముక్కూమొహం తెలియనివారికంటే రోజూ కనబడేవారి మీదే నాకు ఆశ ఎక్కువ: లిఫ్టులో ఎదురయ్యే పొరుగువారు, వాచ్‌మన్, కిరాణా కొట్టాయన. ఆరాలేవీ తీయకుండానే, చూడగా చూడగా వీరితో చనువు పెరుగుతుంది. సరుకులన్నీ ఫోన్‌లోనే తెప్పించుకుంటే పోయేవి ఈ పలకరింపులే. కొత్త అపార్ట్‌మెంట్లు కట్టేటప్పుడు పార్కింగుకు చూపే శ్రద్ధలో కొంత, కింద నలుగురు కూర్చునే అరుగుకూ చూపాలని కొనేవాళ్లు గట్టిగా అడగాలి.