స్టోర్డ్ ప్రొసీజర్

స్టోర్డ్ ప్రొసీజర్ అనగా డేటాబేసులోనే భద్రపరచి, అవసరమైనపుడు పేరుతో పిలిచి నడిపించే ఆదేశాల సముదాయం. అప్లికేషను ఒక్కొక్క ఆదేశాన్ని విడివిడిగా పంపనవసరం లేకుండా ఒక్క పిలుపుతో పని పూర్తిచేయవచ్చును.

పిలిచే విధానం

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎగ్జిక్యూట్ ఆదేశంతోను, మైఎస్‌క్యూఎల్‌లో (5.0 వెర్షను, 2005 నుండి) కాల్ ఆదేశంతోను ప్రొసీజరును పిలుస్తారు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో 2018లో వెలువడిన 11వ వెర్షనుకు ముందు ఫంక్షనులు మాత్రమే ఉండేవి. ఎస్‌క్యూలైట్‌లో ఈ సదుపాయం లేదు. జేడీబీసీ, ఓడీబీసీలలో కాల్ పదాన్ని, ప్రొసీజరు పేరును ఫ్లవర్ బ్రాకెట్లలో వ్రాస్తే, డ్రైవరు దానిని ఆయా డేటాబేసుకు తగినట్లు మారుస్తుంది.

పిలుపు ఒకటే అయినా ఫలితం వచ్చే తీరు వేరు. ఎస్‌క్యూఎల్ సర్వర్ వరుసలను నేరుగా పంపుతుంది. ఒరాకిల్‌లో సాధారణంగా రెఫ్ కర్సర్ ద్వారా అందుకోవాలి. కావున డేటాబేసు మార్చినపుడు ప్రొసీజరుతో పాటు పిలిచే కోడును కూడా సవరించవలసి వస్తుంది.

సికింద్రాబాదు ఉదాహరణ

పనిని డేటా ఉన్నచోటనే జరపడంలోని ప్రయోజనానికి రైల్వే రిజర్వేషను మంచి ఉదాహరణ. క్రిస్ సంస్థ రూపొందించిన కాన్సర్ట్ సాఫ్టువేరు 1994లో మొదట సికింద్రాబాదులో అమలైంది. 1999లో ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై కేంద్రాలతో కలిపి దేశవ్యాప్తంగా అనుసంధానమైనది. సీ, ఫోర్‌ట్రాన్ భాషలలో వ్రాసినందున ఇందులోనివి స్టోర్డ్ ప్రొసీజర్లు కావు, కాని సూత్రం ఒకటే: అభ్యర్థన రైలు వివరాలున్న కేంద్రానికి చేరి, అక్కడే పూర్తవుతుంది.

చివరి బెర్తును రెండు కౌంటర్లు ఒకేసారి కోరాయనుకొందాం. ఖాళీని చూడటం, బెర్తును కేటాయించడం వేర్వేరుగా జరిగితే అది ఇద్దరికీ దక్కే ప్రమాదముంది. రెండూ ఒకే ట్రాన్సాక్షనులో, తగిన లాకుతో జరిగితే ఒక్కరికే దక్కుతుంది. ప్రొసీజరుగా వ్రాసినంత మాత్రాన ఈ రక్షణ రాదు.