ట్యాంకులో నూనె ఉంది సరే, గైడ్‌వేకు అందుతోందా?

సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్ స్క్రీన్ మీద లూబ్ అలారం రాగానే చాలా షెడ్లలో జరిగేది ఒకటే. ట్యాంకులో నూనె పోస్తారు, రీసెట్ నొక్కుతారు, పని మొదలుపెడతారు. నూనె తగ్గడమే కారణమైతే అంతటితో సరిపోతుంది. అలారం మళ్లీ వచ్చిందంటే లోపం ఇంకెక్కడో ఉన్నట్టు.

అలారమే రాకుండా గైడ్‌వేలు ఎండిపోవడం ఇంకా ప్రమాదం. ఫ్లోట్ స్విచ్ ట్యాంకులో నూనె మట్టాన్ని మాత్రమే చూస్తుంది. ప్రెషర్ స్విచ్ తాను బిగించి ఉన్న చోట ఒత్తిడిని మాత్రమే చూస్తుంది. చిట్టచివరి బేరింగ్‌కు నూనె అందిందో లేదో ఆ రెండూ చెప్పలేవు. అది మనమే చూడాలి. అందుకు ముందు నూనె వెళ్లే దారి తెలియాలి.

నూనె వెళ్లే దారి

పంపు ట్యాంకు అడుగున ఉన్న జాలీ గుండా నూనెను లాగి మెయిన్ లైన్‌లోకి తోస్తుంది. అక్కడి నుంచి అది డిస్ట్రిబ్యూటర్ బ్లాకులకు చేరుతుంది. ఆపైన సన్నని ట్యూబుల్లో ఎక్స్, వై, జెడ్ యాక్సిస్‌ల గైడ్‌వేలకూ బాల్‌స్క్రూ నట్లకూ వెళ్తుంది. ఏ పాయింటుకు ఎంత నూనె వెళ్లాలో నిర్ణయించే పద్ధతులు ముఖ్యంగా రెండు.

మొదటి పద్ధతిలో ఒక్కో పాయింటుకు ఒక సన్న రంధ్రం ఉంటుంది. ఇది అచ్చం డ్రిప్ సేద్యం లాంటిది. ఒక డ్రిప్పర్ మూసుకుపోతే ఆ మొక్క ఒక్కటే ఎండుతుంది. మోటారు దగ్గర నిలబడి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది.

రెండో పద్ధతిలో చిన్న పిస్టన్లు కొలిచి పంపుతాయి. ఒక్కో విడతకు 0.03, 0.06, 0.1, 0.16 సీసీ వంటి కొలతల్లో ఇవి దొరుకుతాయి. పంపు ఆగాక మెయిన్ లైన్‌లో ఒత్తిడి పడిపోతేనే పిస్టన్ వెనక్కి వచ్చి మళ్లీ నిండుతుంది. ఒత్తిడిని వదలాల్సిన వాల్వ్ ఇరుక్కుపోతే గేజ్ ముల్లు పైనే నిలబడి ఉంటుంది. చూసేవాళ్లు ప్రెషర్ బాగుందనుకుంటారు, లోపల మాత్రం చుక్క కూడా కదలదు. అందుకే ముల్లు ఎంత ఎక్కిందన్నదే కాదు, పంపు ఆగాక దిగిందా లేదా అన్నదీ చూడాలి.

గేజ్‌ను చదవడం

మాన్యువల్ లూబ్ బటన్ నొక్కి గేజ్ దగ్గర నిలబడండి. మోటారు తిరగకపోతే ఫ్యూజు, కరెంటు సరఫరా, టైమర్ చూడాలి. తిరుగుతున్నా ముల్లు లేవకపోతే జాలీ మూసుకుపోయిందా, పంపులో గాలి చేరిందా, మెయిన్ లైన్ ఎక్కడైనా కారుతోందా అని వెతకాలి. వెతికే పని సగానికి తగ్గించే పరీక్ష ఒకటుంది. పంపు యూనిట్‌లో రిలీఫ్ వాల్వ్ ఉందని మాన్యువల్‌లో నిర్ధారించుకుని, పంపు నుంచి బయటికొచ్చే దారిని సరైన ప్లగ్‌తో మూయాలి. ఇప్పుడు ప్రెషర్ వస్తే పంపు మంచిదే, లీకు ఆ తర్వాత ఉంది. అప్పటికీ రాకపోతే లోపం పంపు, జాలీ, రిలీఫ్ వాల్వ్, ఈ మూడింటిలోనే.

ముల్లు చక్కగా లేచి దిగుతున్నా అలారం వస్తుంటే ప్రెషర్ స్విచ్‌నూ దాని వైర్లనూ చూడాలి. ఉత్పత్తి ఆగుతోందని కొందరు ఆ స్విచ్ వైర్లను షార్ట్ చేసి వదిలేస్తారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఆ రోజుకు మెషీన్ నడుస్తుంది కానీ, రేపు మెయిన్ లైన్ తెగినా చెప్పే దిక్కుండదు.

చివరి పాయింటు దగ్గర

డిస్ట్రిబ్యూటర్ దాటాక ట్యూబు తెగినా, మూసుకుపోయినా గేజ్‌లో పెద్ద తేడా కనిపించదు. కాబట్టి కవర్లు విప్పి చూడక తప్పదు. ముందుగా మెయిన్ స్విచ్ ఆపి తాళం వేయాలి. జెడ్ యాక్సిస్ జారి కిందికి రాకుండా ఆధారం పెట్టాలి. గైడ్‌వేలను పీచు రాలని గుడ్డతో తుడవాలి. తర్వాత ఆధారం తీసి, చేతులు దూరంగా ఉంచి మెషీన్ ఆన్ చేసి, కొన్ని విడతలు లూబ్ ఇచ్చి, యాక్సిస్‌ను నెమ్మదిగా అటూఇటూ నడపాలి. మళ్లీ పవర్ ఆపి, ఆధారం పెట్టి ఒక్కో గైడ్‌వేను వేలితో తాకి చూడండి. నాలుగు చోట్ల సన్నటి నూనె పొర తగిలి ఐదో చోట వేలు పొడిగా వస్తే లోపం అక్కడే ఉంది. అక్కడి ట్యూబు విప్పి మళ్లీ లూబ్ ఇవ్వాలి. ట్యూబులోంచి నూనె వస్తే అడ్డు బేరింగ్ వైపు ఉంది. రాకపోతే డిస్ట్రిబ్యూటర్ బ్లాకులో ఆ పాయింటుకు నూనెను కొలిచి పంపే కార్ట్రిడ్జ్ మూసుకుపోయి ఉండాలి, లేదా ట్యూబు పగిలి ఉండాలి. ట్యూబులు ఎక్కువగా దెబ్బతినేది కేబుల్ చెయిన్ వంపుల దగ్గర, చిప్స్ చేరే కవర్ల కింద.

బాల్‌స్క్రూ మీద ఎర్రటి గోధుమరంగు మరక, కదలికలో కీచుమనే శబ్దం, స్క్రీన్ మీద ఆ యాక్సిస్ లోడ్ మామూలు కంటే పెరగడం, ఇవన్నీ నూనె అందడం లేదనడానికి గుర్తులే.

నూనె వాడకమే కొలమానం

ఖర్చులేని పరీక్ష మరొకటుంది. ఉదాహరణకు పంపు 20 నిమిషాలకు 3 సీసీ పంపుతుందనుకుందాం. గంటకు 9 సీసీ, 8 గంటల షిఫ్టుకు 72, రోజుకు రెండు షిఫ్టులైతే 144 సీసీ. ఆ లెక్కన 2 లీటర్ల ట్యాంకు దాదాపు 14 రోజులు రావాలి. వారానికే ఖాళీ అవుతుంటే ఎక్కడో కారుతోంది. నెల దాటినా తరగకపోతే సంతోషించాల్సిన పని లేదు, గైడ్‌వేలు ఎండుతున్నాయి. మీ మెషీన్ మాన్యువల్‌లోని అంకెలతో ఈ లెక్క వేసి, నూనె పోసిన తేదీని ట్యాంకు మీదే రాసిపెట్టండి.

ఏ నూనె పోయాలి

మిల్లింగ్ మెషీన్ గైడ్‌వేలకు ఎక్కువగా వీజీ 68 నూనె చెబుతారు. 40 డిగ్రీల సెల్సియస్ దగ్గర చిక్కదనం 68 సెంటీస్టోక్స్‌కు అటూఇటూగా ఉంటుందని దాని అర్థం. హైడ్రాలిక్ నూనెలోనూ 68 ఉంది కదా అని అదే పోసేస్తుంటారు. చిక్కదనం ఒకటే అయినా గుణం వేరు. స్లైడ్‌వే నూనెలో లోహానికి అంటిపెట్టుకునే, నెమ్మది కదలికలో కుదుపు రాకుండా చూసే రసాయనాలు కలుపుతారు. అవి లేకపోతే కూలెంట్ పొరను త్వరగా కడిగేస్తుంది, టేబుల్ ఆగి ఆగి కదులుతుంది, జాబ్ సైజు తప్పుతుంది. గ్రీజుతో నడిచే మెషీన్లూ ఉన్నాయి. వాటిలో నూనె పోయకూడదు. నూనె పాలలా తెల్లబడితే అందులో నీరు కలిసిందని గుర్తించాలి. నూనె పోసే మూత కింది జాలీని తీసి పక్కన పెడితే బయటి దుమ్మంతా చివరికి కార్ట్రిడ్జ్‌లలోనే చేరుతుంది.

లూబ్ లైన్‌లో పాడయ్యేవి చాలావరకు చిన్న భాగాలే: ఒక జాలీ, ఒక కార్ట్రిడ్జ్, మూరెడు ట్యూబు. వాటి వల్ల నాశనమయ్యేవి మాత్రం గైడ్‌వేలు, బాల్‌స్క్రూలు. అందుకే అలారం కోసం ఎదురుచూడకుండా కవర్లు విప్పి చూసే పనికి నెలకో రోజు కేటాయించండి. ఆ బాధ్యత ఎవరిదో పేరు రాసి గోడకు అంటించండి.