కళ్లు పచ్చబడవు... కాలేయం చెడిపోతుంది
పల్లెల్లో గుట్టుగా హెపటైటిస్ బి

కామెర్లు అనగానే పల్లెల్లో గుర్తుకు వచ్చేవి పచ్చబడిన కళ్లు, పసరు మందు, నూనె తగలని పథ్యం. నెల తిరిగేసరికి రోగి తేరుకుంటే పసరు పనిచేసిందని నలుగురూ చెప్పుకుంటారు. కలుషితమైన నీటి వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గిపోతాయి. అందుకే ఆ నమ్మకం తరాలుగా నిలిచి ఉంది.

హెపటైటిస్ బి దారి వేరు. ఇది నీటి వల్ల రాదు, రక్తం ద్వారా సోకుతుంది. ఒంట్లో తిష్ట వేసిన తరువాత ఇరవై, ముప్ఫయి ఏళ్లపాటు ఏ బాధా చూపకపోవచ్చు. మనిషి పొలం పని చేసుకుంటూ, పెళ్లి చేసుకుని, పిల్లలను కని మామూలుగానే ఉంటాడు. లోపల మాత్రం కాలేయం కొద్దికొద్దిగా గట్టిపడుతూ ఉండవచ్చు. పొట్టలో నీరు చేరో, నెత్తురు కక్కుకునో పట్నం ఆసుపత్రికి చేరేసరికి కాలేయం చాలావరకు చెడిపోయి ఉంటుంది. కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022 నాటికి మన దేశంలో సుమారు 2 కోట్ల 98 లక్షల మందిలో ఈ వైరస్ ఉంది. ప్రపంచం మొత్తం మీద చూస్తే, తమకు ఈ వ్యాధి ఉన్న సంగతి తెలిసినవారు నూటికి 13 మందే.

అనుకోకుండా బయటపడుతుంది

తెలిసిన ఆ కొద్దిమందికీ తరచు అనుకోకుండానే తెలుస్తుంది. గర్భిణికి చేసే రక్తపరీక్షలో కొందరికి, రక్తదానం చేసినప్పుడు మరికొందరికి బయటపడుతుంది. దశాబ్దాలుగా గల్ఫ్ వలసలున్న కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల్లో మరో దారి ఉంది. అప్పు చేసి ఏజెంటుకు డబ్బు కట్టిన యువకుడు వీసా కోసం వైద్యపరీక్షకు వెళతాడు. రక్తంలో ఈ వైరస్ కనిపిస్తే 'అన్‌ఫిట్' అని కాగితం చేతికిస్తారు. దేశం దాటే అవకాశం పోతుంది, అప్పు మిగులుతుంది. జబ్బేమిటో, తరువాత ఏ డాక్టరును కలవాలో ఆ కాగితం చెప్పదు.

ఇంటికి వచ్చాక మరో కష్టం మొదలవుతుంది. కంచం, గ్లాసు వేరుచేస్తారు. పెళ్లి సంబంధాలు వెనక్కి పోతాయి. కోడలికి ఉందని తెలిస్తే పుట్టింటికి పంపేవారూ లేకపోలేదు. నిజానికి కలిసి తిన్నా, పక్కన కూర్చున్నా, బిడ్డను ఎత్తుకుని ముద్దాడినా ఇది సోకదు. ఈ భయంతోనే చాలామంది కాగితాన్ని పెట్టె అడుగున దాచి, పరీక్షల జోలికి పోవడం మానేస్తున్నారు.

సూదితో, కత్తితో జాగ్రత్త

తల్లి నుంచి బిడ్డకు కాన్పు సమయంలో, ఒకరికి వాడిన సూది మరొకరికి వాడినప్పుడు, పచ్చబొట్టు సూదులు, క్షౌరం కత్తుల ద్వారా, లైంగిక సంబంధం ద్వారా ఈ వైరస్ సోకుతుంది. ఎండిపోయిన నెత్తుటి మరకలో కూడా వారం రోజులపాటు బతికి ఉండగలదు.

ప్రతి జ్వరానికీ సూది మందు అడగడం మన పల్లెల్లో అలవాటు. సూది వేయని డాక్టరు డాక్టరే కాదనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. ఈ అలవాటు ఎంత ప్రమాదకరమో 2009లో గుజరాత్‌లోని మోడాసా ప్రాంతంలో తేలింది. వాడిన సిరంజిలనే మళ్లీ వాడడం వల్ల వ్యాధి ప్రబలి 80 మందికి పైగా చనిపోయారు. సూది తప్పనిసరి అయితే కొత్త సిరంజి ప్యాకెట్టును కళ్ల ముందే విప్పమనాలి. మంగలి షాపులో కొత్త బ్లేడు వేయమని అడగడం తప్పేమీ కాదు.

మొదటి రోజు టీకాయే రక్ష

పుట్టుకలోనే వైరస్ సోకిన పిల్లల్లో నూటికి 90 మందికి అది జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి అయిదుగురిలోపే అలా జరుగుతుంది. అందుకే బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేసే టీకా అన్నిటికన్నా ముఖ్యం. ఆరు, పది, పద్నాలుగు వారాలకు మిగిలిన మోతాదులు వేయించాలి.

ఈ టీకా ఒకప్పుడు విదేశాల నుంచి రావలసిందే. సామాన్యులకు దాని ధర అందేది కాదు. హైదరాబాద్‌లో కె.ఐ. వరప్రసాదరెడ్డి నెలకొల్పిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశీయ టీకాను చౌకగా విడుదల చేసింది. ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ఇది 2007-08లో ఆంధ్రప్రదేశ్ సహా 10 రాష్ట్రాలకు, 2011లో దేశమంతటికీ చేరింది. దానికి ముందు పుట్టిన గ్రామీణుల్లో అత్యధికులకు చిన్నతనంలో ఈ టీకా అందలేదు. ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటినవారంతా ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. వైరస్ లేనివారు మూడు మోతాదుల టీకా వేయించుకోవచ్చు.

మందు ఉంది, మానకూడదు

వైరస్ ఉన్న అందరికీ మందు అక్కరలేదు. కానీ ఆరు నెలలకోసారి రక్తపరీక్ష, కాలేయం స్కానింగు అవసరం. మందు కావలసినవారికి రోజుకొక టెనోఫోవిర్ మాత్ర సరిపోతుంది. ఇది వైరస్‌ను పూర్తిగా తుడిచిపెట్టదు, అణచి ఉంచుతుంది. బాగానే ఉంది కదా అని సొంతంగా మానేస్తే వ్యాధి ఒక్కసారిగా తిరగబెట్టి ప్రాణం మీదకు తేవచ్చు. సారా, కల్లు పూర్తిగా మానాలి. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. జిల్లా ఆసుపత్రిలో అడిగి తెలుసుకోవచ్చు.

అయితే చికిత్స జిల్లా కేంద్రంలో ఉంటే రోగి పల్లెలో ఉన్నాడు. ప్రతి పరీక్షకూ ఒకరోజు కూలి, బస్సు చార్జీలు వదులుకోవాలి. ఏ బాధా లేని మనిషి ఏళ్ల తరబడి ఇలా తిరగాలంటే కష్టమే. వైద్య శిబిరాల్లో బి.పి., షుగర్‌తో పాటు ఈ పరీక్ష కూడా చేయాలి. వైరస్ ఉందని తేలినవారికి నెలనెలా మాత్రలు ఊరి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే దొరికేలా చూడాలి. అధికారులు ఈ రెండు పనులు చేయగలిగితే, చిట్టచివరి దశలో పట్నం చేరే రోగుల సంఖ్య తగ్గుతుంది.