పూవును బట్టి తేనె

రేగొండ మండలమునందలి పాండవుల గుట్టలు, ప్రాచీన మానవుడు రాతిచూరుల క్రింద ఎఱ్ఱని రంగుతో చిత్రించి విడిచిన బొమ్మల మూలమున చరిత్రజిజ్ఞాసువులకును, నిట్టనిలువు ఇసుకరాతి గోడల మూలమున కొండలెక్కు సాహసికులకును చిరపరిచితములు. అట్టి శిలాకుడ్యముల చూరులును, అడవిలో ఎత్తుగా పెరిగిన వృక్షముల కొమ్మలును కొండతేనెటీగకు ఇష్టమైన నివాసస్థానములు. అది ఒక్కొక్కప్పుడు గజమునకు మించిన వెడల్పుగల ఒకే ఒక తుట్టెను బట్టబయలున వ్రేలాడగట్టి, పూతకాలము ముగియగనే దానిని విడిచి వేఱొక తావునకు తరలిపోవును. ఆ తుట్టెలనుండి పిండిన తేనె సీసాలకెక్కి సంతలకు వచ్చినప్పుడు కొనువాడు అడుగు ప్రశ్న సాధారణముగా ఒక్కటే: ఇది అసలు తేనెయా, పాకము కలిపినదా? కల్తీ ప్రబలిన కాలమున ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను అసలుదని తేలిన పిమ్మట అడుగవలసినవి మఱి రెండు కలవు: ఏ పూవు తేనె, ఏ మాసపు తేనె? వీనిని మనము అడుగుట లేదు. అడుగనందుననే మన అడవులు ప్రసాదించు నానావిధములైన రుచులు ఒక్క డబ్బాలో కలిసి పేరులేనివైపోవుచున్నవి.

ఈ రెండు ప్రశ్నలను ఒక విద్యగా పెంపొందించిన దేశము ఇటలీ. మంచు కప్పిన ఆల్ప్స్ పర్వతములనుండి ఆఫ్రికా తీరమునకు సమీపముననున్న సిసిలీ ద్వీపమువఱకు సాగిన ఆ భూమిలో శీతోష్ణస్థితి అడుగడుగున మారుటచే, ఒక్కొక్క సీమకు ఒక్కొక్క పూత, ఒక్కొక్క పూతకు ఒక్కొక్క తేనె ఏర్పడినవి. ఉత్తరమున వసంతాంతమున పూచు రొబీనియా చెట్ల తేనెను అచ్చటివారు అకేసియా తేనె యందురు. అది ఇంచుమించు వన్నెలేనిదై, సున్నితమైన తీపి తప్ప వేఱొక ఆడంబరము లేనిదై, నెలల తరబడి గడ్డకట్టక ద్రవముగనే నిలుచును. కొండవాలులందలి చెస్ట్‌నట్ అడవుల తేనె దీనికి పూర్తిగా విరుద్ధము: ముదురు వర్ణము, ఘాటైన వాసన, నాలుక చివర తగిలి చాలసేపు వీడని చేదు. దక్షిణమున నారింజ తోటల తేనెయందు ఆ పూవుల పరిమళమే నిలిచియుండును. సిసిలీలోని హైబ్లా కొండలపై చిన్న పొదలుగా పెరుగు థైమ్ అను సుగంధమూలికనుండి లభించు తేనె రోమక సామ్రాజ్యకాలమునుండియు కీర్తి గడించినది.

వీనియన్నిటిలో నాకు మిక్కిలి ఆలోచన కలిగించునది సార్డీనియా ద్వీపపు చేదుతేనె. అచ్చట శరత్కాలమున పూచు కొర్బెజ్జొలో అను పొదచెట్టు దానికి మూలము. రోమక కవి హొరేస్ తన కావ్యశాస్త్రమున మంచి విందును చెడగొట్టు పదార్థములను చెప్పుచు, సార్డీనియా తేనె కలిపిన గసగసాలను వానిలో ఒకటిగా చేర్చెను. రెండువేల సంవత్సరములనాడు అట్లు నిందకు గుఱియైన ఆ తేనెయే నేడు ఇటలీలో మిక్కిలి వెలగల తేనెలలో చేరి, పాతజున్నుతో జతచేసి ఆరగింపదగినదని ఆదరింపబడుచున్నది. పొద మారలేదు, ఈగ మారలేదు. మారినది మనుష్యుని నాలుకకు అబ్బిన శిక్షణము.

ఆ శిక్షణము ఊరక అబ్బినది కాదు. తేనెను ఇంద్రియములచే పరీక్షించు విధానమును ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు మిషెల్ గొనె ప్రవర్తింపజేయగా ఇటలీవారు దానిని స్వీకరించి పెంచిరి. 1999లో తేనెరుచి పరీక్షకులకు ప్రత్యేకముగా ఒక జాతీయ పట్టికయే ఏర్పడెను. పరీక్షకుడు కొంచెము తేనెను గాజుపాత్రలో తీసికొని, మొదట వన్నెను చూచును. చెంచాతో పాత్ర లోపలి అంచులకు పూసి వాసన విడిపించి ఆఘ్రాణించును. పిమ్మట రవ్వంత నాలుకపై నిలిపి కరగనిచ్చును. అసలు పరీక్ష అంతటితో ఆరంభమగును. తేనెలో నాలుకకు ముఖ్యముగా తెలియునవి తీపి, పులుపు, చేదు. పూవు, పండు, కఱ్ఱ, పొగ, మందాకు అని మనము చెప్పు తక్కిన సమస్తమును నోటి వెనుకభాగమునుండి ముక్కునకెక్కు వాసనయే. ముక్కు మూసికొని తేనె చప్పరించినచో కేవలము తీపి తెలియును. వేళ్లు తీసి ఊపిరి వదలిన క్షణముననే ఆ పూవు మేల్కొనును. ఇది ఎవరైనను ఇంటివద్ద చేసి చూడదగిన పరీక్ష.

ఇంతటి భేదమునకు కారణమేమి? తేనెలో నూటికి ఎనుబదిపాళ్ల వఱకు చక్కెరలే. వానిలో ఫ్రక్టోజు, గ్లూకోజు అనునవి ముఖ్యమైనవి. పూవునందలి మకరందము చాలభాగము నీరు. ఈగ దానిని తన తేనెసంచిలో మోసికొని వచ్చునప్పుడే దాని గ్రంథులనుండి వచ్చు ఇన్వర్టేజు అను కిణ్వము ఇక్షుశర్కరను విడగొట్టి ఈ రెండు చక్కెరలను చేయ మొదలిడును. తుట్టెలో ఈగలు నోటినుండి నోటికి దానిని మార్చుచు, ఱెక్కలతో గాలి విసరుచు, నీరు నూటికి ఇరువది పాళ్లకు లోపడినంతవఱకు ఆరబెట్టి, పిమ్మట మైనపు మూత వేయును. వేఱొక కిణ్వము కొంత గ్లూకోజును గ్లూకోనిక్ ఆమ్లముగా మార్చుటచే తేనెకు మనము గమనింపని పులుపు కూడ కలుగును. ఈ కార్యక్రమమంతయు అన్ని తేనెలకును సమానమే. మిగిలిన ఆ కొలదిపాళ్లలో, మకరందముతో పాటు చెట్టునుండి వచ్చిన సుగంధద్రవ్యములు, లవణములు, వర్ణద్రవ్యములు ఉండును, వ్యక్తిత్వమంతయు వానిదే. నారింజ తేనెకు ఆ పరిమళమునిచ్చు వానిలో మిథైల్ ఆంత్రనిలేట్ అను పదార్థము ముఖ్యము. ముదురువన్నె తేనెలలో పొటాషియము మొదలగు ఖనిజములు అధికము. అందుచే చెస్ట్‌నట్ తేనె విద్యుత్తును లేతవన్నె తేనెలకంటె బాగుగా ప్రసరింపజేయును. పరిశోధకులు దానిని గుర్తించుటకు ఆ గుణమును కొలతురు. పుప్పొడి రేణువులను సూక్ష్మదర్శినిలో లెక్కించుట వేఱొక మార్గము. అందును వివేకము కావలెను: చెస్ట్‌నట్ పుప్పొడిని విస్తారముగా రాల్చును గావున దాని తేనెలో నూటికి 90 పాళ్లకు పైగా ఆ పుప్పొడియే కనబడును, నారింజ పుప్పొడి స్వల్పము గావున చాల తక్కువ పాళ్లున్నను అది నారింజ తేనెయే కావచ్చును.

ఇచ్చట మనవారిలో పాతుకొనిన ఒక అపోహను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలసియున్నది. సీసా అడుగున తేనె రవ్వకట్టినచో అందు చక్కెర కలిసినదని తీర్మానించి అమ్మినవానిని నిందించుట పరిపాటి. ఇది అన్యాయము. గ్లూకోజు నీటిలో ఫ్రక్టోజువలె సులభముగా కరగి నిలువదు. గ్లూకోజు పాలెక్కువైన తేనె త్వరగా గడ్డకట్టును, ఫ్రక్టోజు పాలెక్కువైనది ఆలస్యముగా కట్టును. పొద్దుతిరుగుడు, పత్తి పూతల తేనెలు కొలది వారములలోనే పేరుకొనుటకును, ఇటలీవారి రొబీనియా తేనె సంవత్సరము దాటినను ద్రవముగ నుండుటకును కారణమిదే. 14 డిగ్రీల సెంటిగ్రేడు ఉష్ణోగ్రతకు చేరువలో ఇది మఱింత వేగముగా జరుగును గావున మనయందు ఇది శీతకాలపు ముచ్చట. పేరుకొనిన తేనెను పొయ్యిమీద కాచినచో సువాసన ఆవిరియైపోవుటయే కాక, హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యూరాల్ అను పదార్థము పెరుగును. మన దేశపు ప్రమాణము ప్రకారము అది కిలోకు 80 మిల్లీగ్రాములకు మించరాదు. గోరువెచ్చని నీటిలో సీసాను నిలిపిన చాలును.

ఇటలీకిని మనకును ఈగ మూలమున ఒక సంబంధము కలదు. లిగూరియా సీమ పేర ప్రసిద్ధమైన బంగరువన్నె ఇటలీ తేనెటీగ స్వభావమున శాంతము గావున లోకమంతట వ్యాపించెను. అది చేరిన ఐరోపా జాతి ఈగలను 1960 దశకారంభమున కాంగ్రా లోయలోని నగ్రోటా యందు ఆచార్య అత్వాల్ ప్రభృతులు మన దేశమున నిలదొక్కుకొనునట్లు చేసిరి. నేడు మన పొలముల గట్లపై కనబడు తేనెపెట్టెలలో అనేకము ఆ జాతివే. అదే ఈగ సార్డీనియాలో చేదుతేనెను, మన పొద్దుతిరుగుడు చేలలో పసుపుపచ్చని తేనెను చేయుట చూచినచో రుచికి పూవే ప్రధానకర్తయని స్పష్టమగును.

అయితే ఈగకును పాత్ర లేకపోలేదు. మన ప్రాచీనులు తేనెను ఈగనుబట్టియే విభజించిరి. చరకసంహిత మాక్షికము, భ్రామరము, క్షౌద్రము, పౌత్తికమని నాలుగు విధములు చెప్పి, నూనెవన్నె, తెలుపు, కపిలము, నేతివన్నె అని వరుసగా వాని వర్ణములను కూడ నిరూపించినది. సుశ్రుతుడు ఆ సంఖ్యను ఎనిమిదికి పెంచెను. తొఱ్ఱలలోను పుట్టలలోను కాపురముండు పుట్టతేనెటీగ, పొదలలో అఱచేతియంత తుట్టె కట్టు చిన్నతేనెటీగ, కొండతేనెటీగ - వీని తేనెలకు చిక్కదనమున భేదము కలదు. బయట వ్రేలాడు తుట్టె గావున కొండతేనెటీగ తేనెలో తఱచుగా నీరు నూటికి ఇరువది పాళ్లను మించి, పులియు స్వభావము కలిగియుండును.

ఈగనుబట్టి ఇంత సూక్ష్మముగా చూచిన మనము పూవునుబట్టి చూచుటను కూడ అలవఱచుకొన్నచో మన అడవి ఇటలీకి తీసిపోదు. రేగొండనుండి తూర్పుగా తాడ్వాయి, ఏటూరునాగారము అడవులవఱకు చూడుడు. మాఘ ఫాల్గుణములలో బూరుగ, మోదుగ, వానివెంట ఇప్ప, నేరేడు, వేప, కానుగ, ఎండలు ముదిరినపుడు చింత, నల్లమద్ది, వానలలో టేకు, పిమ్మట కుంకుడు. నేరేడు తేనె ముదురువన్నెతో చిరువగరు కలిగినది. వేపపూత తేనెలో చేదు లీలగా తోచును. పొలములవైపు పత్తి పూవులోనే కాక ఆకు అడుగున ఈనెపైని గ్రంథులలో కూడ మకరందము స్రవించును గావున, పూవు విప్పకమునుపే ఈగలు పత్తిచేలపై మూగును. పురుగుమందు పిచికారి చేయు రైతు తెలిసికొనదగిన సంగతి యిది.

తేనె తీయువారికి ఈ సంగతులు మనకంటె బాగుగా తెలియును. నల్లమలలో తీగలతో పేనిన త్రాళ్లపై వ్రేలాడి తేనె దింపు చెంచులును, మన అడవులలోని కోయలును ఏ నెలలో ఏ చెట్టు విరిసియున్నదో చెప్పగలరు. 1956లో విశాఖపట్టణమున వెలసిన గిరిజన సహకార సంస్థ వారివద్ద తేనె కొని నగరములకు చేర్చు మార్గమును ఏర్పఱచినది; రాష్ట్రవిభజనానంతరము తెలంగాణమునకును అట్టి సంస్థ కలదు. ఇక కావలసినది కొంచెము ఓపిక: వేసవి తేనెను, కార్తీకపు తేనెను వేర్వేఱు పాత్రలలో పట్టి, నెలయు చెట్టును వ్రాసి ఉంచుట; మూతపడిన గదుల తేనెనే తీసి, పిల్లపురుగులున్న భాగమును ముట్టక విడుచుట; పిండుటకు మాఱు వడియగట్టుట. చేదుతేనెకు వెల కట్టిన సార్డీనియావలె మన నేరేడు తేనెకును వేప తేనెకును వెల రావలెనన్నచో మొదట కొనువారు అడుగవలెను. కావున పాఠకులారా, ఈసారి తేనె కొనునప్పుడు అసలుదా యని మాత్రమే కాక, ఏ పూత తేనెయని కూడ అడుగుడు; చెప్పగలిగినవానికి నాలుగు రూపాయలు ఎక్కువ ఇచ్చియైనను అతనివద్దనే కొనుడు.