ఆరు గిటార్లు... ఒకటే మాట!

కంచన్‌బాగ్ అనగానే హైదరాబాద్ వాసులకు గుర్తొచ్చేవి క్షిపణులే. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, మిధాని, బీడీఎల్... అన్నీ అక్కడే మరి. అయితే 1982లో డీఆర్‌డీఎల్ డైరెక్టరుగా వచ్చి ఆ క్షిపణుల పనిని పరుగులు పెట్టించిన అబ్దుల్ కలాంకు వీణ వాయించడమన్నా ప్రాణమే. రాకెట్ల లెక్కలకూ, తీగల సవ్వడికీ చుట్టరికం ఉందన్నమాట!

కాలం మారింది. ఇప్పటి పిల్లల భుజాన గిటార్ సంచి వేలాడుతోంది. ఇంట్లో ఒక్కరే కూర్చుని వాయిస్తున్నంతసేపూ ఏ చిక్కూ లేదు. కాలనీలో వేడుక ఉందనో, స్కూలు వార్షికోత్సవం దగ్గరపడిందనో ఆరుగురూ ఒకచోట చేరి సాధన మొదలుపెట్టినప్పుడే అసలు కథ మొదలవుతుంది. విడివిడిగా ఎవరూ తప్పు వాయించరు. కలిపితే మాత్రం... రేకుల మీద వడగళ్లు పడ్డట్టే! ఎందుకలా?

తప్పు దాగదు

వయొలిన్ మీద కమాను కదులుతున్నంతసేపూ నాదం సాగుతుంది. ఒకరు కాస్త ఆలస్యంగా అందుకున్నా మిగతావాళ్ల నాదంలో కలిసిపోతుంది. గిటార్ తీరు వేరు. తీగ మీటిన క్షణంలోనే శబ్దం గట్టిగా పుడుతుంది, మరుక్షణం నుంచే తగ్గిపోతుంది. అందుకే ఒక్కరు రెప్పపాటు వెనకబడినా ‘ఠంగ్’మనాల్సింది ‘ఠఠంగ్’మంటుంది. 2007లో షిల్లాంగ్‌లో 1,730 మంది ఒకేసారి గిటార్ వాయించి గిన్నిస్ రికార్డు సృష్టించారు. అంతమందిలో ఒకరి తడబాటు ఎవరికీ తెలియదు. ఆరుగురిలో అయితే చివరి వరసలో కూర్చున్న బామ్మగారు కూడా పట్టేస్తారు!

ముందు శ్రుతి... తర్వాతే పాట

ఆరు గిటార్లంటే ముప్ఫై ఆరు తీగలు. మామూలు శ్రుతిలో అన్నిటికన్నా మందమైన తీగ సెకనుకు దాదాపు 82 సార్లు కంపిస్తుంది. అన్నిటికన్నా సన్ననిది 330 సార్లు. అన్నీ సరిగ్గా కుదరాలంటే ఎవరి చెవిని వాళ్లు నమ్ముకుంటే చాలదు, అందరూ ఒకే ట్యూనర్‌ను ఆధారం చేసుకోవాలి. కొత్త తీగలు కొన్నాళ్లపాటు సాగుతూనే ఉంటాయి. కాబట్టి ప్రదర్శన రోజు పొద్దున్నే తీగలు మార్చడమంత పొరపాటు మరోటి లేదు. ఎండలోంచి ఏసీ హాల్లోకి వెళ్లినా శ్రుతి మారిపోతుంది. అందుకే అనుభవమున్న వాళ్లు ముందుగా వెళ్లి, వాద్యాన్ని ఆ చల్లదనానికి అలవాటుపడనిచ్చి, అప్పుడు శ్రుతి చూసుకుంటారు.

అలకలు మొదలయ్యేది ఇక్కడే

బృందంలో అందరూ ఒకటే వాయించరు. ఒకరిద్దరు పాట వరస పట్టుకుంటే, మరికొందరు కార్డ్స్ వాయిస్తారు. ఒకరికి కింది స్వరాలు అప్పగిస్తారు. ‘పాటంతా వాడికిచ్చి నాకు ఈ డుం డుం ఏమిటి?’ అని మూతి ముడుచుకునే పిల్లలూ, ‘మావాడేం తక్కువ?’ అని అడిగే అమ్మానాన్నలూ ప్రతిచోటా ఉంటారు. అలాంటి వాళ్లతో ఇళయరాజా పాట ఏదైనా వినిపించి, అందులో బేస్ గిటార్ ఎలా నడుస్తుందో గమనించమంటే చాలు. అలక సగం తీరిపోతుంది!

సాధనకూ ఓ పద్ధతుంది. నిమిషానికి వంద దెబ్బల వేగంతో వాయించాల్సిన పాటను మెట్రోనోమ్ పెట్టుకుని అరవైతో మొదలుపెడతారు. అందరూ కుదిరాకే కొంచెం కొంచెంగా వేగం పెంచుతారు. ఒకరి ముఖం ఒకరికి కనపడేలా అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు. చేతులూపే కండక్టర్ ఉండడు కదా... నాయకుడు తల చిన్నగా ఊపితే అదే సైగ. మధ్యలో తప్పితే ఆగిపోకుండా, తర్వాతి చరణంలో కలిసిపోవడమూ సాధనలో భాగమే. పాట వరస ఎవరి చేతిలో ఉంటే వాళ్లు వినపడాలి, మిగతావాళ్లు తగ్గాలి. గట్టిగా వాయించడం వారంలో వస్తుంది. తగ్గి వాయించడానికే నెలలు పడుతుంది.

తండ్రి ఖాళీ చేసిన కుర్చీలో...

ఈ విద్యలో ఆరితేరిన కుటుంబం ఒకటుంది. స్పెయిన్‌కు చెందిన సెలెడోనియో రొమెరో 1957లో భార్యాపిల్లలతో అమెరికాలోని కాలిఫోర్నియా చేరాడు. ముగ్గురు కొడుకులు సెలిన్, పెపె, ఏంజెల్‌లకు తానే గురువు. 1960లో ఆ నలుగురూ కలిసి ‘లాస్ రొమెరోస్’గా వేదికెక్కారు. నాలుగు గిటార్లూ, ఆర్కెస్ట్రా కలిసి వాయించేలా వాళ్ల కోసమే స్పెయిన్ స్వరకర్త హోకిన్ రోద్రిగో ఓ కచేరీ రచన చేశాడు. అది 1967లో మొదటిసారి వినిపించింది. 1990లో ఏంజెల్ బృందాన్ని వీడితే, సెలిన్ కొడుకు సెలీనో వచ్చి చేరాడు. 1996లో సెలెడోనియో కన్నుమూశాక ఏంజెల్ కొడుకు లీతో అడుగుపెట్టాడు. కుర్చీల్లో మనుషులు మారినా నాలుగు గిటార్ల మాట మాత్రం ఆగలేదు. ఒకరినొకరు వినడం ఇంట్లోనే నేర్చుకున్న వాళ్లు కదా!

వేదిక మీద పాట అయిదు నిమిషాల్లో అయిపోతుంది. దానికోసం పిల్లలు వారాల తరబడి పక్కవాడి కోసం ఆగడం, తగ్గడం, వినడం నేర్చుకుంటారు. ఆ తర్వాత గిటార్ మూల పడినా ఆ అలవాటు మాత్రం ఎక్కడికీ పోదు.

అందుకే ప్రదర్శన రోజు ముందు వరసలో కూర్చునే అమ్మానాన్నలకు ఓ చిన్న పరీక్ష. కళ్లు మూసుకుని వినండి. ఆరింటిలో మీవాడి గిటార్ ఏదో గుర్తుపట్టలేకపోయారా... సాధన ఫలించినట్టే!