బ్యాంకు బిళ్లయు, బ్రౌజరు కుకీయు

కోనసీమ మొదలుకొని నరసాపురము, పాలకొల్లు, భీమవరము ప్రాంతముల వరకు గోదావరి డెల్టా గ్రామములలో కువైటు, దుబాయి మొదలైన చోట్లకు పోయి పనిచేయువారు పెక్కుమంది కలరు. పరుల ఇండ్లలో పనిచేసి, పిల్లలను చదివించుకొనుచున్న తల్లులు వారిలో ఎందరో యున్నారు. వారు పంపిన సొమ్ము ఇక్కడి బ్యాంకు ఖాతాలో పడును. అది పడినదో లేదో చూచుటకు అమ్మమ్మ తన మనుమని వెంటబెట్టుకొని ఇంటర్నెట్ సెంటరునకు పోవుట కలదు. పాస్‌వర్డు ఖాతాదారు తప్ప మరియెవరును కొట్టరాదని బ్యాంకువారు చెప్పుదురు. నిజమే; కాని అక్షరములు రాని అవ్వకు మనుమడే కన్ను, మనుమడే వ్రేలు. "వచ్చినవే అమ్మమ్మా!" అని వాడు చెప్పగానే ఇరువురును సంతోషముతో లేచి ఇంటిదారి పట్టుదురు. వారు లేచిన కుర్చీలో మరియొకడు వచ్చి కూర్చుండును. వాని యెదుట తెరపై ఏమి యుండును? ఇది చిన్న ప్రశ్న కాదు. దీనికి సమాధానము తెలియవలెనన్న, కుకీ అను దానిని గూర్చి కొంత తెలిసికొనవలెను.

పూర్వము బ్యాంకులో సొమ్ము తీసికొను విధమెట్టిదో మీ తాతగారిని అడుగుడు. చెక్కు అందుకొన్న గుమాస్తా, సంఖ్య చెక్కిన ఇత్తడి బిళ్ల నొకదానిని చేతిలో పెట్టెడివాడు. దానిని టోకెను అనుచుండిరి. చెక్కు లోపల ఒక బల్లనుండి మరియొక బల్లకు పోయి, సంతకము సరిచూడబడి, లెడ్జరులో పద్దు వ్రాయబడి, తుదకు క్యాషియరును చేరును. ఇంతసేపు ఖాతాదారు బల్లపై కూర్చుండి బిళ్లను గుప్పిట పట్టుకొని యుండును. క్యాషియరు "ముప్పదియేడు" అని పిలుచును. ముప్పదియేడవ బిళ్లను చూపినవానికి సొమ్ము ముట్టును. జాగ్రత్తగల క్యాషియరు "ఎంత సొమ్ము?" అని యొక ప్రశ్న వేయవచ్చును గాని, ముఖ్యముగా ఆతడు చూచునది ముఖమును గాదు, బిళ్లను. కావుననే బిళ్లను పోగొట్టుకొనుట నాడు పెద్ద అపాయము.

కంప్యూటరు ద్వారా బ్యాంకునకు పోవునపుడును ఇట్టి బిళ్ల యొకటి కావలసియున్నది. ఏలయనగా, వెబ్ అను ఏర్పాటునకు పుట్టుకతో జ్ఞాపకశక్తి లేదు. మన బ్రౌజరు ఒక పుటను అడుగును; ఆవలి కంప్యూటరు, అనగా సర్వరు, దాని నిచ్చి మరచిపోవును. రెండవ పుటను అడిగినవాడు ఇంతకుముందు వచ్చినవాడేనని దానికి తెలియదు. ఇట్లయినచో బ్యాంకులో నిలువ చూచుటకు ఒకసారి, గతనెల పద్దులు చూచుటకు మరియొకసారి, ప్రతి నొక్కునకును పాస్‌వర్డు కొట్టవలసివచ్చును. ఈ చిక్కును తొలగించుటకు 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచుండిన లూ మాంటుల్లి అను ఇంజినీరు ఒక ఉపాయమును కల్పించెను. సర్వరు బ్రౌజరునకు చిన్న వ్రాత నొకదాని నిచ్చును. బ్రౌజరు దానిని దాచుకొని, మరల ఆ సర్వరుతో మాటాడునపుడెల్ల దానిని చూపును. ఆ వ్రాతకే కుకీ యని పేరు. ఈ పదమునకు ఇంగ్లీషులో బిస్కట్టు అని అర్థమైనను, ఇందు తినదగిన దేదియు లేదు; అది అంతకుముందే కంప్యూటరు పనివారి వాడుకలో నున్న మాట.

మీరు పేరును, పాస్‌వర్డును సరిగా కొట్టినప్పుడు బ్యాంకు సర్వరు మీ బ్రౌజరునకు పొడవైన సంఖ్య యొకటి వ్రాసిన కుకీ నిచ్చును. అందు మీ సొమ్ము లెక్క యుండదు. సాధారణముగా పాస్‌వర్డును ఉండదు. అది బిళ్ల మాత్రమే. అయినను ఆ బిళ్ల ఎవని చేతిలో నున్నదో వానినే ఖాతాదారుగా సర్వరు భావించును. ఇత్తడి బిళ్లకును దీనికిని గల పోలిక యంతయు ఇందే కలదు. కుకీలలో రెండు తెగలు కలవు. ఒక తెగ బ్రౌజరు మూయువరకు మాత్రమే నిలుచును. రెండవ తెగకు గడువు తేదీ యుండును. కంప్యూటరు ఆపి మరునాడు పెట్టినను అవి అట్లే యుండును. బ్యాంకు ప్రవేశమునకు వాడునవి ప్రాయికముగా మొదటి తెగవి. మీ యింటి కంప్యూటరును గుర్తుపట్టుటకు కొన్ని బ్యాంకులు రెండవ తెగను గూడ వాడును. కుకీలన్నిటిని తుడిచివేసిన పిమ్మట బ్యాంకువారు మరల అదనపు ప్రశ్నలు వేసినచో, ఆ గుర్తు పోవుటయే కారణము గావచ్చును.

కుకీలు ప్రమాదకరమని విని, కొందరు సెట్టింగులలో అన్ని కుకీలను నిషేధింతురు. అంతట బ్యాంకు పుట తెరచుకొనదు. పాస్‌వర్డు సరిగనే కొట్టినను మరల మొదటి పుటయే వచ్చును. వారు బ్యాంకును తిట్టుకొందురు. గుమాస్తా ఇచ్చిన బిళ్లను వీధిలో పారవైచి, క్యాషియరు సొమ్మీయలేదని కోపగించినట్లే యున్నది గదా! ధవళేశ్వరము ఆనకట్టనుండి వచ్చు కాలువకు తూములు పెట్టినది నీటిని బొత్తిగా ఆపుటకు గాదు. కావలసిన చేనికి విడుచుటకు, అక్కరలేనిచోట కట్టుటకు. కుకీల సెట్టింగును అట్టిదే.

కట్టవలసిన తూము ఏది? మీరొక వార్తాపత్రిక వెబ్‌సైటును తెరచితి రనుకొనుడు. ఆ పుటలో ఒక మూల ప్రకటన యుండును. ఆ ప్రకటనను పంపునది పత్రిక గాదు, వేరొక సంస్థ. ఆ సంస్థయు మీ బ్రౌజరులో తన కుకీ నొకదానిని పెట్టును. తరువాత మీరు చీరల దుకాణపు సైటునకు పోయినను, పంటల ధరల సైటునకు పోయినను, అచ్చటను ఆ సంస్థ ప్రకటనయే యున్నచో, "వీడు ఇందాక అక్కడ నుండెను, ఇప్పుడు ఇక్కడ నున్నాడు" అని అది వ్రాసికొనును. మన పనికి రాని ఈ మూడవవాని కుకీలనే థర్డ్ పార్టీ కుకీలందురు. ఇవి బ్యాంకు ఇచ్చిన కుకీని చదువజాలవు. ఏ పేరుగల సైటు ఇచ్చిన కుకీ ఆ పేరుగల సైటునకే తిరిగి పోవుననుట బ్రౌజరు నియమము. కావున ప్రకటనల సంస్థ మీ ఖాతా నిలువను చూచునని భయపడ నక్కరలేదు. కాని అప్పుల కొరకు ఎవరు వెదకుచున్నారో, ఏ వడ్డీ పుటను ఎవరు చదివిరో తెలిసికొని, అవసరములో నున్నవాని యెదుటనే అప్పు ప్రకటనలు పెట్టుటకు ఇట్టి జాడలు ఉపయోగపడును. ఇది నాకు సమ్మతము గాదు. పెక్కుమందికిని సమ్మతము గాలేదు.

2020 మార్చిలో ఆపిల్ సంస్థవారి సఫారీ బ్రౌజరు మూడవవాని కుకీల నన్నిటిని నిషేధించెను. 2022 నుండి ఫైర్‌ఫాక్స్ ఏ సైటులో పెట్టిన కుకీలను ఆ సైటు డబ్బాలోనే బంధించి, ఒకచోటి జాడ మరియొక చోటికి పోకుండ చేయుచున్నది. గూగుల్ సంస్థ తన క్రోమ్ బ్రౌజరులోను వీనిని తొలగింతునని 2020లో చెప్పి, పలుమారులు వాయిదా వేసి, 2024లో ఆ తలంపు మానుకొనెను. కావున క్రోమ్ వాడువారు ఈ పనిని తామే చేసికొనవలెను. పైన కుడిమూల నున్న మూడు చుక్కలను నొక్కి, సెట్టింగులలో గోప్యత, భద్రతలకు సంబంధించిన భాగమునకు పోయి, థర్డ్ పార్టీ కుకీలను నిరోధించు ఏర్పాటును ఎన్నుకొన్నచో చాలును. బ్యాంకు తన కుకీని నిరాటంకముగా ఇచ్చును. వెబ్‌సైటులు "అన్ని కుకీలకు అంగీకరింతురా?" అని అడుగు పెట్టెలో గూడ, అవసరమైనవి మాత్రమే యను మాట యున్నచో దానిని నొక్కుట మేలు. ఆ మాటను చిన్న అక్షరములతో వ్రాసి, అన్నిటికిని అంగీకారమను మాటను పెద్ద రంగుల బొత్తాముగా చేయువారు లేకపోలేదు.

ఇక ఇంటర్నెట్ సెంటరు మాట. అమ్మమ్మయు మనుమడును లేచిపోవునపుడు కిటికీ మూలనున్న గుర్తు నొక్కి తెర మూసిరి. మూసినంత మాత్రమున బిళ్ల చెల్లకుండ పోదు. కొన్ని బ్రౌజరులలో "విడిచిన చోటనే మరల తెరువుము" అను ఏర్పాటు కలదు. అది అమలులో నున్నచో, బ్రౌజరు మూతబడగానే పోవలసిన కుకీలను గూడ దాచియుంచి, తెరచినపుడు మరల తెచ్చును. బ్యాంకు సర్వరు కొన్ని నిమిషములు పలుకు లేనిచో తానే బిళ్లను రద్దుచేయును గాని, ఆ కొన్ని నిమిషములలోపలనే కుర్చీలో మరియొకడు కూర్చుండవచ్చును. లాగౌటు అను మాటను నొక్కుట అనగా బిళ్లను కౌంటరులో తిరిగి యిచ్చుట. అప్పుడు సర్వరు తన పుస్తకములో ఆ సంఖ్యను కొట్టివేయును. ఆ పిమ్మట కుకీ యొవని చేతబడినను అది చెల్లని బిళ్లయే.

పరుల కంప్యూటరుపై పని తప్పనప్పుడు ఇన్‌కాగ్నిటో, అనగా అజ్ఞాతపు కిటికీని తెరచుట మంచిది. అట్టి కిటికీలన్నిటిని మూసినపుడు వానిలోని కుకీలు చెరిగిపోవును. అయితే విరాటుని కొలువులో పాండవులను అందరును చూచుచునే యుండిరి. అట్లే ఈ అజ్ఞాతము బ్యాంకునుండి గాని, మీరు కొట్టిన ప్రతి అక్షరమును దొంగతనముగా వ్రాసికొను ప్రోగ్రాము కంప్యూటరులో నున్నచో దానినుండి గాని మిమ్ము దాచదు. కుకీలనే ఎత్తుకొనిపోవు దొంగ ప్రోగ్రాములును కలవు. "పాస్‌వర్డును దాచియుంచనా?" అని బ్రౌజరు అడిగినచో అక్కడ వలదని చెప్పవలెను.

వెబ్‌సైటు పేరును గూర్చి మరియొక మాట. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు మచిలీపట్నమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైనది. గోదావరి జిల్లాలలోని దాని ఖాతాదారులు క్రొత్త వెబ్‌సైటు పేరును నేర్చుకొనవలసివచ్చెను. ఇట్టి మార్పుల కాలమే మోసగాండ్రకు పంటకాలము. నకిలీ సైటు బ్యాంకు కుకీని పొందజాలదు గాని, మీరు చేతులార కొట్టిన పాస్‌వర్డును, ఓటీపీని పొందును. సెట్టింగులు ఎంత బిగించినను ఈ ద్వారము మూతపడదు. పేరును అక్షరమక్షరము చూచుకొనుటయే గతి. సొమ్ము పోయినట్లు తెలిసినచో, ఆలస్యము చేయక బ్యాంకునకును, 1930 అను సైబరు నేరముల సహాయ సంఖ్యకును తెలుపవలెను.

ఈమారు అమ్మమ్మతో పోయినపుడు లాగౌటు నొక్కిన పిదప వెంటనే లేవక, వెనుకకు పోవు బాణపు గుర్తును ఒకసారి నొక్కి, అక్కడ కనబడు పద్దులలో దేనినైన నొక్కి చూడుడు. పాస్‌వర్డు మరల అడిగినచో బిళ్ల రద్దయినది. మనుమడు కుర్చీ విడువవచ్చును.